తమ్ముని బాధ

ఆర్మూరు బస్టాండులో ఇద్దరు అన్నదమ్ములు ఉమ్మడి బోరు నీళ్ల కోసం తిట్టుకుంటున్నారు. పసుపు చేను ఎండుతోందని, ఒకరిమీద ఒకరు కేసు వేయడానికి నిజామాబాద్ బయలుదేరారు. నా పక్కనున్న ముసలాయన లేచి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

"నీ బాధ వద్దు. నీ తమ్ముని బాధ చెప్పు," అన్నాడు అన్నతో.

"వానికేం బాధ? మస్తుగున్నడు!"

"జర సోంచాయించు, బిడ్డా."

అన్న ఆలోచిస్తూ తమ్ముని వైపు తిరిగాడు. "నా పసుపు తడిసేసరికే కరెంటు పోతది. వాని చేనుకు నీళ్లే పోవు."

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. "నడువన్నా, ఇంటికి పోదాం."

బస్సులో ముసలాయన్ని ఏం చేస్తారని అడిగాను. విదేశాల్లో యుద్ధాలాపే సంధులు కుదర్చడమే తన ఉద్యోగమట. ముప్పయ్యేళ్లు పత్రికలో శాంతి ఒప్పందాల వార్తలు దిద్దిన నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను.

"ఆ దేశాల్ల ఎదుటోని బాధ గిట్ల ఒక్కసారి అనిపియ్యనీకి నాలుగేండ్లు పట్టింది," అన్నాడాయన. "మనోళ్లు నయం."