నోటి ద్వారా: రెండు ఔన్సులు

1959 ఫిబ్రవరిలో, భస్మ బుధవారానికి రెండు రోజుల ముందు, బందరులోని ఒక మిషన్ ఆసుపత్రి స్త్రీల వార్డులో స్టాఫ్ నర్సుగా చేరాను. వార్డులో పైన డాక్టరమ్మ గారు, ఆమె కింద వార్డు సిస్టర్, ఆ కింద నేను, నా కింద ట్రెయినింగ్ పిల్లలు. మాట్లాడే పని పైవాళ్లది, రాసే పని నాది. నాకు కావలసిందీ అదే. నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదు. డ్యూటీ దిగాక గదిలో డైరీ రాసుకునేదాన్ని. ఈ సంగతి అందులోదే.

ఆ ఏడు శ్రమల దినాలకు, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల ప్రార్థనలకు, మా వైపు సంఘాలు ‘ఆత్మ దాహం’ అనే అంశం పెట్టుకున్నాయి. పాస్టరు గారు రోజూ సాయంత్రం వార్డుకు వచ్చి, ఆపరేషనై నీళ్లు ఇవ్వకూడదని అట్ట తగిలించిన మంచాల మధ్య నిలబడి, పావుగంట దాహం గురించి చెప్పేవారు. ప్రసంగం అయ్యాక నీళ్లడిగేవాళ్లు ఎక్కువవుతున్నారని గమనించాను. చెప్పడం నా పని కాదు గనుక డైరీలో రాసుకున్నాను.

గుడ్ ఫ్రైడేకు ముందు రోజు మధ్యాహ్నం సంతోషమ్మ గారిని తెచ్చారు. ఆమె దివిసీమలో బైబిలు స్త్రీ. పల్లెలు తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించి ప్రార్థన చేయించే మిషన్ ఉద్యోగం అది. అరవై దాటాయి. దాహం గురించి చెప్పే మనిషికి దాహం తెలిసి ఉండాలని, నలభై రోజులూ పగటి పూట నీళ్లు ముట్టకుండా రోజుకు మూడు పల్లెలు నడిచారు. చివరగా బుధవారం రాత్రి నుంచి శుక్రవారం మూడు గంటల దాకా చుక్క కూడా తాగకూడదని తీర్మానించుకున్నారు. గురువారం పొద్దున నాగాయలంక దగ్గర ఒక ప్రార్థనలో, సరిగ్గా ప్రభువు నీళ్లడిగిన సమరయ స్త్రీ బావి దగ్గరకు వచ్చే చోట, పడిపోయారట. బండి మీద అవనిగడ్డకు, అక్కడి నుంచి చల్లపల్లి మీదుగా బస్సులో బందరుకు చేర్చారు.

నాలుక చెక్కలా ఉంది. ముందు రోజు నుంచి మూత్రం లేదు. అరగంటకు రెండు ఔన్సుల నీళ్లు నోటి ద్వారా ఇమ్మని డాక్టరమ్మ గారు ఆర్డరు రాశారు. మూత్రపిండాలు పని మానేసి ఉంటే ఎక్కువ నీళ్లు ఊపిరితిత్తులకు చేటు. నీళ్లే లేకపోతే ఆ మూత్రపిండాలే ఇక పనిచేయవు. అందుకని లోపలికి పోయినదీ బయటికి వచ్చినదీ ఔన్సుల్లో రాసే చార్టు మంచం కాళ్ల వైపు వేలాడదీశాం. అది రాయడం నా బాధ్యత.

సంతోషమ్మ గారు పెదవులు బిగించారు. రేపు మూడింటికి తాగుతానన్నారు. అప్పటికి ఉండాలి కదా అని డాక్టరమ్మ గారు అంటే, “ఉంటే తాగుతాను. లేకపోతే అసలు అక్కర్లేదు కదమ్మా” అన్నారు.

సరే, సెలైన్ పెడదామన్నారు. అప్పుడు మరో ప్రశ్న వచ్చింది. సూదిలోంచి ఎక్కే నీళ్లతో ఉపవాసం చెడుతుందా? పాస్టరు గారూ, సంఘ పెద్ద దేవదానం గారూ వరండాలో కుర్చీలు వేసుకుని తర్కించారు. దేవదానం గారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నదే నమ్ముతారు. నన్ను పిలిచి, ఆ నీళ్లు కడుపులోకి వెళ్తాయా అని అడిగారు. వెళ్లవు, నేరుగా రక్తంలోకే అన్నాను. కడుపులోకి వెళ్లనిది తాగడం కాదని తేల్చారు. సంతోషమ్మ గారు చెయ్యి చాపారు.

పక్క మంచం మీద గుడివాడ మాస్టారి భార్య. కడుపు ఆపరేషనై నీళ్ల నిషేధంలో ఉన్నావిడ. “మా అత్తగారూ ఏకాదశులకి ఇంతేనమ్మా. ఆవిడ నిక్షేపంగా ఉండేది, శోష మాకొచ్చేది” అంది. మళ్లీ, “ఈవిడ వద్దన్న నీళ్లు నాకు పోయకూడదటమ్మా?” అనడిగింది.

శుక్రవారం పొద్దునకు సూది కదిలి చెయ్యి వాచింది. రెండో చేతిలో నరం దొరకలేదు. చార్టులో మూత్రం గడి ఖాళీగానే ఉంది. నాలుగింటికి వచ్చి చీలమండ దగ్గర కోసి నరం వెతుకుతానని, మూడింటి దాకా ఈవిడ ఆగినా మూత్రపిండాలు ఆగవని, ఈలోగా ఎలాగైనా తాగించమని డాక్టరమ్మ గారు నాతో చెప్పి వెళ్లారు. ఎలాగో చెప్పలేదు.

పన్నెండింటికి ఏడు మాటల ఆరాధన మొదలైంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఐదోది ‘దప్పిగొనుచున్నాను’ అనే మాట. గుడి మైకు మా కిటికీలకు ఎదురుగానే ఉండేది.

ఒంటిగంట దాటాక నోరు శుభ్రం చేసే వేళయింది. తాగని రోగికి రెండు గంటలకొకసారి, ఫోర్సెప్స్ అనే పట్టకారుకు గాజ్ గుడ్డ చుట్టి, నీళ్లలో ముంచి, నాలుకా చిగుళ్లూ తుడవాలి. తుడవడం తాగడం కాదు గనుక ఆమె దానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఈసారి గుడ్డ మీద పళ్లు బిగిశాయి. పీల్చారు. కళ్లు మూసుకునే ఉన్నారు. మళ్లీ ముంచాను. మళ్లీ పీల్చారు. గిన్నెలో పోసినవి మూడు ఔన్సులు, చివరికి మిగిలింది ఒకటి. చార్టు తీసి, ‘నోటి ద్వారా: 2 ఔన్సులు, 1.15’ అని రాశాను.

నాలుగో మాట నడుస్తుండగా దేవదానం గారు వచ్చారు. ఆరాధన చివర సంతోషమ్మ గారి ఉపవాసాన్ని సాక్ష్యంగా ప్రకటించాలని పాస్టరు గారి ఉద్దేశం. ముందుగా చార్టు చూసి రమ్మని ఈయన్ని పంపారు. కళ్లజోడు సర్దుకుని చదివారు. నేను రాసిన గడి దగ్గర వేలు ఆగింది.

“గుడ్డతో తుడిస్తే తాగినట్టు ఎలా అవుద్దమ్మాయ్? కొట్టేసెయ్.”

“కొట్టెయ్యలేనండి” అన్నాను. నాలుగింటికి కోయాలో వద్దో ఈ అంకెలు చూసే నిర్ణయిస్తారని చెప్పబోయేలోగానే ఆయన జేబులోంచి పెన్ను తీసి నాకు అందించారు.

“ఉండనియ్యండి అన్నయ్యగారూ” అన్నారు సంతోషమ్మ గారు. “ఆ పిల్ల అబద్ధం రాయలా. నేనే తాగాను.”

“ఇంకో గంటన్నర ఓర్చుకుంటే పోయేదిగా చెల్లెమ్మా.”

“దాహమన్న ప్రభువుకి తడిపిన స్పంజీ నోటికందిస్తే ఆయన వద్దన్నాడా? నలభై రోజులు ఆ దాహం మాటే చెప్పాను. దాని తరవాత వచనం దాకా ఎప్పుడూ పోలా.” నా వైపు తిరిగారు. “గ్లాసు తే అమ్మా.”

దేవదానం గారు పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మైకులో ఐదో మాట మొదలయ్యేసరికి రెండు ఔన్సులు కొలిచి పట్టాను. ఒక్క గుక్కలో తాగి, ఇంకా పొయ్యమన్నారు. అరగంట ఆగాలన్నాను. నలభై రోజులు ఆగిన మనిషి ఆ అరగంటలో నాలుగుసార్లు టైం అడిగారు. నాకు జాలి లేదని పక్కావిడతో చెప్పారు. “నా మీద మూడు రోజుల్నించీ లేదమ్మా” అందావిడ.

నాలుగింటికి పది నిమిషాల ముందు ఖాళీ గడిలో మొదటి అంకె పడింది: మూడు ఔన్సులు. డాక్టరమ్మ గారు చార్టు చూసి, చీలమండ జోలికి పోకుండా సంతకం పెట్టారు. ఎలా తాగించానని అడగలేదు.

ఈస్టరు తెల్లవారుజామున, ఒక సహోదరి చివరి దాకా దాహాన్ని జయించారని గుడిలో ప్రకటించారు. ఆ సహోదరి అప్పుడు వార్డులో గంజి చాల్లేదని తగువు పెట్టుకుని ఉన్నారు.

తర్వాత ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో ఉండి, నేనూ సిస్టర్‌నై కొత్తపిల్లలకు పని నేర్పాను. నోరు తుడిచే గిన్నెలో నీళ్లు ముందూ వెనకా కొలవమనీ, తేడా అప్పటికప్పుడే రాయమనీ చెప్పేదాన్ని. తాగుతానన్న మనిషి ఎంత తాగిందో ఆమే చెబుతుంది. తాగనన్న మనిషి తాగినది చార్టు ఒక్కటే చెప్పాలి.