గోదమ్మ మిద్దె మీది బొగ్గు

“ఇది మురుగులో ముంచిన బొగ్గేమో! పిల్ల మింగేసిందో ఏమో!”

కార్వాన్‌లో గోదమ్మ ఇంటి మిద్దె మీద కౌముది కేక పెట్టింది. రెండేళ్ల కూతురు అభిజ్ఞ నోరంతా నలుపు. కాళ్ల దగ్గర మూత ఊడిన స్టీలు డబ్బా.

గోదమ్మవాళ్లది తరాలుగా గుడిలో సేవ చేసే ఇల్లు. ప్రసాదానికి కొబ్బరి తీశాక మిగిలిన చిప్పలన్నీ ఆమె ఇంటికే వచ్చేవి. నీళ్లపొయ్యి పోయి గీజరు వచ్చాక అవి మిద్దె మీద గుట్టపడ్డాయి. కాలేజీలో మురుగునీటి మీద పరిశోధన చేసే కౌముది కింది వాటాలో అద్దెకు దిగిన తర్వాతే వాటికి పని దొరికింది. గాలి చొరకుండా మూసిన డ్రమ్ములో గోదమ్మ చిప్పలు కాల్చి, ఆ బొగ్గును సున్నపునీళ్లలో నానబెట్టి ఆరేస్తుంది. సంచుల్లో కట్టి మూసీలోకి పోయే కాలువలో వేలాడదీస్తే, బొగ్గుకు పట్టిన సున్నం నీళ్లకు పాచి పట్టించే భాస్వరాన్ని పట్టేస్తుంది. తీసి మిద్దె మీద ఎండబెట్టాక అదే బంతిమొక్కలకు ఎరువు. ఖరీదైన మందులేవీ అక్కర్లేదు.

ఆ బొగ్గే ఇప్పుడు పిల్ల నోట్లో ఉందా? క్రిములు, సీసం, సున్నపు మంట... చదివిందంతా ఒక్కసారిగా కౌముది మీద పడింది. ఫోన్‌లో వెతకసాగింది. అభిజ్ఞ బిక్కమొహం వేసి ఏడుపందుకుంది.

కేక విని గోదమ్మ మెట్లెక్కి వచ్చింది. పిల్లను చంకనేసుకుని నోరు కడిగింది. నాలుక చూసింది. ఆ తర్వాతే డబ్బా వాసన చూసింది.

“ఏందమ్మా గీ లొల్లి? ఇది నా పండ్లపొడి, లవంగమేసి నూరిన బొగ్గు, పండ్లు తోముకునేది. పొద్దుగాల ఈడ్నే మర్చిపోయిన, తప్పు నాదే.”

“కాలువది కాదు కదా గోదమ్మగారూ? నిజంగా?”

“లవంగం వాసనొస్తుంది చూడు. మూసీల లవంగాలు పారుతున్నయా?”

కౌముదికి నవ్వు రాలేదు. “ఒకసారి డాక్టరుకు చూపిద్దామండీ.”

“పోదాం పా. నీ గుండె కూడా చూపిద్దాం.”

అఫ్జల్‌గంజ్‌లో డాక్టరు ఫర్వాలేదన్నాడు. అయినా తిరుగు ఆటోలో కౌముది పిల్ల పెదాలు విప్పి చూస్తూనే ఉంది. గోదమ్మ ఆ చెయ్యి మెల్లగా పక్కకు తీసింది. కౌముది ఇప్పటికీ పాటించే మాట అప్పుడు చెప్పింది.

“ఫికర్ చెయ్యద్దంటలేను బిడ్డా, తల్లివి, చేస్తవ్. గని ముందుగాల పిల్లను ఎత్తుకో, నోరు కడుగు. ఫోన్ ఆనెంక చూద్దువు.”