మమ్మల్ని మస్కట్ పంపిన కబడ్డీ

నా చిన్నప్పటి సంగతి ఒకదాన్ని ముప్పై ఏళ్ళుగా తప్పుగా చెబుతూ వస్తున్నాను. తప్పుగా చెప్పడం మొదలుపెట్టింది నేనే కాబట్టి, సరిదిద్దవలసిందీ నేనే.

తొంభైల్లో మేము దోహాలో ఉండేవాళ్ళం. నాన్నగారు ఒక కంపెనీలో ఇంజనీరు. నజ్మా అనే పేటలో రెండు గదుల ఫ్లాటు మాది. నేను అప్పుడు పదకొండో తరగతి, స్కూలు బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌ని. కెప్టెన్ అంటే అందరికంటే బాగా ఆడేవాణ్ణని కాదు. అందరికంటే నా గొంతు పెద్దది, అంతే.

ఆ ఊళ్ళో ఆరు స్కూళ్ళ మధ్య ప్రతి చలికాలమూ లీగు జరిగేది. మొదట వచ్చిన ఒక్క జట్టు మస్కట్‌లో గల్ఫ్ దేశాల స్కూళ్ళ పోటీకి వెళ్ళేది. రెండో జట్టుకి చప్పట్లు మాత్రమే. మా స్కూలు అంతకుముందు ఎన్నడూ మస్కట్ వెళ్ళలేదు. ఆ ఏడాది మాత్రం, లీగులో ఒక్క మ్యాచ్ మిగిలేసరికి, మేమూ ఇంకో స్కూలూ సమానంగా నిలిచాం. ఆ ఒక్క మ్యాచ్ మా ఇద్దరికే, మా కోర్టులోనే. కప్పూ మస్కట్ ప్రయాణమూ రెండూ దాని మీదే ఆధారపడ్డాయి.

చిక్కేమిటంటే, నెల క్రితం జరిగిన మొదటి విడత మ్యాచ్‌లో వాళ్ళు మమ్మల్ని ఇరవై పాయింట్ల తేడాతో చితక్కొట్టారు. వాళ్ళ జట్టులో ఒక పొడుగు కుర్రాడు ఉండేవాడు. బంతి అతని చేతికి వెళ్ళిందంటే మేం అయిదుగురం ఒకేసారి మీద పడేవాళ్ళం. అతను మా మధ్య నుంచి జారిపోయి బాస్కెట్ వేసి, వెనక్కి వెళుతూ మమ్మల్ని చూసి నవ్వేవాడు.

మా కోర్టు స్కూలు వెనకవైపు ఉండేది. సిమెంటు నేల, చుట్టూ ఇనుప కంచె, కంచె అవతల ఒక ఖతారీ కుటుంబం విల్లా. ఆ ఇంటి ఆడపడుచు తల్లిని చూడటానికి రోజూ మూడున్నరకి పెద్ద తెల్ల కారులో వచ్చేది. ఆవిడ తిరిగి బయటికి వచ్చేదాకా డ్రైవరు అక్కడే కాచుకుని ఉండాలి. అతను కడప జిల్లా మనిషి. నలభై దాటిన వయసు, పొట్టిగా గట్టిగా ఉండేవాడు, కుడిచేతి చిటికెనవేలు వంకర.

ఆ ఓటమి తర్వాత రెండు రోజులకి మా బంతి కంచె దాటి ఆ కారు కిందకి దొర్లింది. నేనూ, నాకు జోడీగా ఆడే హైదరాబాద్ కుర్రాడూ, అది నీ తప్పంటే నీ తప్పని తెలుగులో తిట్టుకుంటున్నాం. డ్రైవరు బంతి తీసుకుని గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏం పిల్లోళ్ళప్పా మీరు! వారం నుంచి సూస్తాండా. ఒక్కణ్ణి ఆపేదానికి అయిదుమందీ ఒకేతూరి దూకుతారా?"

"నీకెర్కనా మామా ఈ ఆట?" అన్నాడు నా జోడీ, ఎకసెక్కంగా.

"ఈ ఆట తెల్దు. ఒగణ్ణి ఎట్ల పట్టల్లో తెలుసు. జిల్లా తరఫున కబడ్డీ ఆడినోణ్ణి."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. నేల మీద గీతల్ని చూపించి ఏది దేనికో అడిగాడు. బంతితో మధ్యగీత దాటాక మళ్ళీ వెనక్కి వెళ్ళకూడదని నేను చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎనక్కి పోగూడదా? నిజంగానా? ఓర్నాయనో! మా ఆటలో కూతకొచ్చినోడు మధ్యగీత కాడికి ఎనక్కి పోతే బతికిపోతాడు. మీ ఆటలో ఎనక్కి పోతే సచ్చిపోతాడు. మీకింక కష్టమేముందిరా?"

అలా డ్రైవర్ మామ మాకు దొరికాడు. మా పీటీ సార్ నాలుగున్నరకి గానీ కోర్టుకి వచ్చేవారు కాదు. అంతకుముందు గంట మామది. ఆయన చెప్పిన ఎత్తు చాలా తేలిక. కబడ్డీలో పట్టేవాళ్ళు జోడీలు జోడీలుగా చేతులు పట్టుకుని నిలబడతారు. ఒకడు కావాలనే ఖాళీగా కనిపిస్తూ దారి వదులుతాడు. కూతకొచ్చినవాడు ఆ దారిలోకి లోపలికి రాగానే జోడీ రెండువైపుల నుంచీ మూసేస్తుంది. మేమూ అలాగే పొడుగు కుర్రాడికి ఒక పక్క దారి వదలాలి. అతను మధ్యగీతా పక్కగీతా కలిసే మూలకి రాగానే నేనూ నా జోడీ ఇద్దరం మూసెయ్యాలి. "ఆ రెండు గీతలు కూడా మనోళ్ళే రా. వాటికి కూడు పెట్టే పని లేదు, ఊరికే మన పక్క ఆడతాయి" అనేవాడు మామ.

మొదటిరోజు మాత్రం అభాసైంది. ఆయన చూపించినట్టే మావాడు ఎదురుగా వచ్చినవాణ్ణి మూలకి తోలి, చక్కగా నడుం పట్టుకుని కింద పడేశాడు. పడినవాడి మోకాలు చెక్కుకుపోయింది. అది ఫౌలని, మనిషిని ముట్టుకోకూడదని చెబితే మామ నమ్మలేదు.

"పట్టుకోగూడదా? మరి చేతులు దేనికిచ్చినాడ్రా దేవుడు?"

"బంతి కోసం మామా."

"ఇదేం ఆటరా! ముట్టుకోకుండా పట్టల్లనా?" అని తల పట్టుకుని కారులో కూర్చున్నాడు. మా పని అయిపోయిందనుకున్నాం. మర్నాడు కారు తుడిచే పసుపు గుడ్డ పట్టుకుని వచ్చాడు. ఒక కొస నా చేతికి, ఇంకో కొస నా జోడీ చేతికి ఇచ్చాడు. గుడ్డ నేలకి వేలాడకూడదు, చేతిలోంచి జారకూడదు, అలాగే పరుగెత్తాలి, పక్కకి జరగాలి, వెనక్కి తిరగాలి. ముట్టుకోకుండా పట్టడం అంటే అదేనని ఆయన రాత్రంతా ఆలోచించి కనిపెట్టాడట. మూడు వారాలు అలా పరుగెత్తాక గుడ్డ తీసేశాడు. అది లేకపోయినా మా ఇద్దరి మధ్య దూరం మారలేదు.

నాకు మాత్రం ఒక రోగం ఉండేది. జోడీ వచ్చేదాకా ఆగలేకపోయేవాణ్ణి. బంతి నేనే లాక్కోవాలి, అందరూ నా పేరే అరవాలి. దూకేవాణ్ణి, తప్పేవాణ్ణి. దూకిన ప్రతిసారీ మామ కంచె అవతల నుంచి తిట్టేవాడు. "ముందు దూకినోడే ఔటు! జోడీగాడు వచ్చిందాకా నిలబడ్రా!"

ఈ సంగతి మా ఇంట్లో చెప్పలేదు. నాన్నగారి స్నేహితులంతా ఇంజనీర్లు, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు. పండగలకి కలిసేది ఆ కుటుంబాలే. ఇళ్ళల్లో డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా పనిచేసే మన ఊళ్ళవాళ్ళు వేరే లోకంగా ఉండేవారు. నాన్నగారు వాళ్ళతో మాట్లాడొద్దని నాతో ఎప్పుడూ అనలేదు. అంటారని నేనే అనుకున్నాను.

ఆఖరి మ్యాచ్ గురువారం సాయంత్రం. తల్లిదండ్రులంతా కుర్చీల్లో కూర్చున్నారు. మామ పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ దాకా మేడంని అడిగి సెలవు తీసుకున్నాడు. ఒక్కడే రాలేదు, పదిమంది డ్రైవర్లని వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఆట ఏమిటో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. కుర్చీల వెనక స్కూలు గోడ వెంట నిలబడి మా చేతిలో బంతి ఉన్నా లేకపోయినా "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని ఒకటే కూత. కుర్చీల్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నారు.

మొదటి సగంలో నా రోగం తిరగబెట్టింది. నాన్నగారు చూస్తున్నారని నాలుగుసార్లు తొందరపడి దూకాను, నాలుగుసార్లూ పొడుగు కుర్రాడు నన్ను దాటిపోయాడు. తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం. విరామంలో నీళ్ళు తాగుతుంటే నా జోడీ నా చొక్కా పట్టుకున్నాడు. "ఒక్కనివే గెలిపిస్తవా? అట్లయితే చెప్పు, మేం ఇంటికి పోతం." గోడ దగ్గర మామ తిట్టలేదు. రెండు చేతులూ దూరంగా చాచి, నెమ్మదిగా దగ్గరికి తెచ్చి చూపించాడు. అంతే.

రెండో సగంలో నేను దూకలేదు. దారి వదిలాం, మూల మూశాం. పొడుగు కుర్రాడికి మొదట అర్థం కాలేదు. తర్వాత చిరాకు వచ్చింది. ఒకసారి బంతి బయటికి విసిరాడు, ఇంకోసారి సూటిగా మా కుర్రాడి చేతికే ఇచ్చాడు. తొమ్మిది అయిదైంది, అయిదు రెండైంది. నిమిషం మిగిలుండగా మేం ఒక్క పాయింటు ముందుకి వెళ్ళాం. పదిహేను సెకన్లు మిగిలాయనగా బంతి మళ్ళీ అతని చేతికి వచ్చింది. ఒక్క బాస్కెట్ పడితే మస్కట్ వాళ్ళది.

అతను మధ్యగీత దాటాడు. నేను పక్కకి జరిగి దారి వదిలాను. మూలలోకి వచ్చాడు. బంతి నా చేతికి జానెడు దూరంలో నేలకి తగిలి పైకి లేస్తోంది. ఒళ్ళంతా దూకమంటోంది. నిలబడ్డాను. నా జోడీ అడుగుల చప్పుడు వినిపించింది, మరుక్షణం వాడి భుజం నా పక్కన ఉంది. పొడుగు కుర్రాడు వెనక్కి చూశాడు, అక్కడ మధ్యగీత. ముందు మేమిద్దరం. బంతిని తల పైకెత్తి, చోటు కోసం ఒక్క అడుగు పక్కకి వేశాడు. అతని బూటు పక్కగీత మీద పడింది.

రెఫరీ విజిల్ ఊదాడు. బంతి మాది. ఇంకా ఆరు సెకన్లున్నాయి, వాటిని మేం చేతులు మార్చుకుంటూ దాటేశాం.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు వరుసగా గుర్తులేదు. మా జట్టంతా ఒకరి మీద ఒకరు పడ్డాం. పీటీ సార్ టోపీ ఎవరో ఎగరేశారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మా అమ్మ కుర్చీ ఎక్కి అరిచింది. డ్రైవర్లు ఒకరి నడుములు ఒకరు పట్టుకుని గెంతారు. అంత సంతోషం మళ్ళీ నేను చాలా తక్కువసార్లు చూశాను.

అప్పుడే పీటీ సార్ నన్ను తల్లిదండ్రుల ముందుకి తీసుకెళ్ళి భుజం తట్టారు. "ఈ ఎత్తు నేను నేర్పలేదు. ఎక్కడ నేర్చుకున్నావు?"

నాన్నగారు పక్కనే ఉన్నారు, ఆయన స్నేహితులూ ఉన్నారు. మామ వాళ్ళ వెనక నుంచి రెండు చేతులూ చాచుకుని నా వైపే వస్తున్నాడు. నేను ఆయన్ని చూశాను. చూసి కూడా అన్నాను: "వీడియో క్యాసెట్లో చూసి సార్. విదేశీ కాలేజీల మ్యాచ్‌లు."

మామ విన్నాడు. అంత దగ్గరికి వచ్చాక వెనుదిరగలేకపోయాడు. నేను కొత్తవాడికి ఇచ్చినట్టు చేయి ముందుకి చాపి "థాంక్యూ" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశాడు. చాచిన చేతులు దించి, నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కంగ్రాట్స్ సార్. బాగా ఆడినారు మీరు."

మూడు వారాలకి పైగా నన్ను 'రా' అని పిలిచిన మనిషి. పదహారేళ్ళ నన్ను సార్ అని, మీరు అని, నా అబద్ధానికి కాపలా కాశాడు. తర్వాత వెళ్ళి నా జోడీని ఎత్తి భుజాన వేసుకున్నాడు. వాడు ఆ భుజం మీద నుంచి నన్ను చూసిన చూపు గురించి నేను రాయలేను.

శనివారం మూడున్నరకి సిగ్గుతో కంచె దగ్గరికి వెళ్ళాను. తెల్ల కారు ఎప్పటిలాగే ఉంది. "మామా, మొన్న నేను..." అని మొదలుపెట్టాను.

"మొన్నది ఖలాస్. మస్కట్లో ఈ ఒక్క ఎత్తు సాలదు, ఇంకోటి నేర్పిస్తా. యల్లా, పద, నీ జోడీగాణ్ణి పిల్సుకురా."

ఆ ఇంకోటి నేర్చుకుని మస్కట్ వెళ్ళి మూడో స్థానంలో వచ్చాం. ఎండాకాలంలో మామ ఊరెళ్ళాడు, ఆ కారులోకి వేరే డ్రైవరు వచ్చాడు. ఆయన అసలు పేరు నేను ఎన్నడూ అడగలేదు. క్యాసెట్ కథ మాత్రం స్థిరపడిపోయింది. స్కూలు పత్రికలో అచ్చయింది, పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా నా తెలివిగా చెప్పుకున్నారు. నేను నవ్వి ఊరుకుంటూ వచ్చాను.

పోయిన నెల పీటీ సార్ కేరళ నుంచి ఫోన్ చేశారు. మనవడి స్కూలు జట్టుకి చూపించాలి, ఆ క్యాసెట్ ఇంకా ఉందా అని అడిగారు. క్యాసెట్ లేదని, ఎప్పుడూ లేదని చెప్పాను. మొత్తం చెప్పాను. "నాకు చెప్పి ఉంటే జట్టు ఫోటోలో ఆయన్ని నా పక్కన నిలబెట్టేవాణ్ణి కదా" అన్నారు.

ఆ సాయంత్రమే నాన్నగారికీ చెప్పాను. ఎనభై ఏళ్ళ మనిషి, చదువుతున్న పేపరు కింద పెట్టారు. "అంత చేసినవాణ్ణి ఇంటికి భోజనానికి పిలవకపోయావేరా? నేను వద్దంటానా?" అన్నారు.

వద్దనేవారు కారు. నేను భయపడిన ఇద్దరూ మామని ఆదరించేవారే. గోడ కట్టింది నేను.

నాకూ యాభై దగ్గరపడుతోంది. ఆఫీసులో నా కింద కొంతమంది పనిచేస్తారు. ఎవరైనా నన్ను మెచ్చుకోబోతే, ఒక్క నిమిషం ఆగమని చెప్పి వెళ్ళి ఆ పని చేసిన మనిషిని పిలుచుకొస్తాను, పేరు చెప్పి పరిచయం చేస్తాను. ఈయన ప్రతిదానికీ ఇంతే అని వెనక నవ్వుకుంటారని తెలుసు. ఆ అలవాటు నాకు దోహాలో, ఆ గురువారం నుంచి వచ్చింది. ఇక్కడ పిలవవలసిన మనిషిని పిలవడానికి నా దగ్గర పేరు లేదు. అందుకని తెలిసినంత రాస్తున్నాను. ఆ ఏడాది లీగు గెలిచి మొదటిసారి మా స్కూలు మస్కట్ వెళ్ళింది. గెలిపించింది కెప్టెన్ కాదు, కడప జిల్లా నుంచి వచ్చిన ఒక కబడ్డీ ఆటగాడు.