చిన్నోంగ్ ఇల్లు, ఊరి భుజాలు

మా అమ్మమ్మ చిన్నోంగ్‌కి చేపలో పొట్ట ముక్కంటే ప్రాణం. తల పిల్లికి పోతుంది, తోక మనవల కంచాల్లో పడుతుంది. దేశపు రాజ్యాంగాన్ని కూడా ఆవిడ అలాగే తిన్నది. మెత్తటి ముక్క తను తీసుకుని, ముళ్లున్నది పక్కకు నెట్టేసింది.

ఆవిడ ఇల్లు ఏటి వంపులో, ఎత్తైన కర్ర స్తంభాల మీద ఉండేది. మా బూగిస్ తెగవాళ్ల ఊళ్లలో ఇల్లు మారడమంటే సామాను మోసుకెళ్లడం కాదు, ఇల్లే నడుస్తుంది. స్తంభాలకు వెదురు బొంగులు కట్టి, మగవాళ్లంతా భుజం పెట్టి లేపుకుపోతారు. కాకపోతే ఇంటివాళ్లు ముందు గడప గడపకూ వెళ్లి పిలవాలి. పిలవని ఇంటికి ఎవడూ భుజం పెట్టడు, పిలిచాక రాకుండా ఎవడూ ఉండడు.

వరద ఆపడానికి ఏటి ఒడ్డున కట్ట వేయాలనుకున్న సర్కారువాళ్లకు ఈ సంగతి తెలియదు. చిన్నోంగ్ ఎండుచేపలు అమ్ముకోవడానికి సంతకు వెళ్లిన పూట వచ్చి, నిచ్చెనకు ఎర్ర రంగు గుర్తు పెట్టి వెళ్లిపోయారు. ఆ స్థలం అందరి మేలు కోసం కావాలట. పరిహారం ఇస్తారట. అడగడం మాత్రం మరిచిపోయారు.

ఊరి పెద్ద బెద్దు నచ్చజెప్పడానికి వచ్చాడు.

"అత్తా, ఇల్లెక్కడికీ పోదు. మేమే మోసుకెళ్లి గుట్ట మీద పెడతాం. నువ్వొచ్చి పిలువు, చాలు."

"ఇల్లు మోస్తావు సరే. కింది మట్టిని ఎలా మోస్తావురా?"

ఇంటి నడిమి స్తంభాన్ని ఆ ఊళ్లో ఇంటి బొడ్డు అంటారు. దాని పక్కనే చిన్నోంగ్ తన ప్రతి కాన్పులోనూ పడిన మావిని పాతిపెట్టింది. ఆ బిడ్డల్లో ఇద్దరు వేటకెళ్లి సముద్రంలోనే ఉండిపోయారు. వాళ్లకు వేరే సమాధి లేదు.

"కట్ట పడకపోతే కింది వాడ మునిగిపోతుందత్తా. మీ చెల్లెలు మాసె ఇల్లు కూడా."

"దానికి ఈత వచ్చులే. చిన్నప్పుడు నేనే నేర్పాను. నా ఇంటికి ఎవడు భుజం పెట్టినా ఆ భుజం పడిపోతుంది, పో!"

పట్నం నుంచి నూర్లేనా అనే లాయరమ్మాయి వచ్చి చిన్నోంగ్ తరఫున నిలబడింది. ఎవరి ఆస్తినీ ఇష్టం వచ్చినట్టు లాక్కోకూడదని రాజ్యాంగంలో ఉందని చెప్పింది. చిన్నోంగ్ ఆ మాటను అప్పటికప్పుడే బట్టీపట్టి, చేపలు తూచేటప్పుడు కూడా అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"ఇంకో మాట కూడా ఉందమ్మమ్మా," అంది నూర్లేనా. " నీ హక్కు పక్కవాళ్ల హక్కును తొక్కకూడదట. అందరి మేలు కోసం చట్టం దానికి హద్దు పెట్టొచ్చట."

"అది రేపు చెబుదువుగాని. ముందు అన్నం తిను."

ఆ రేపు రాలేదు. తీర్పు వచ్చేదాకా ఆ స్థలంలో ఇంటివాళ్లు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదని కోర్టు చెప్పింది. చిన్నోంగ్ అరటిపండు మెదిపి, ఆకులో చుట్టి, ఆవిరి మీద ఉడికించి వీధంతా పంచింది. మాసె ముట్టుకోలేదు.

"గెలిచావుగా అక్కా. ఇంక నా మనవడి ఉయ్యాల ఎక్కడ కట్టమంటావు? ఇంటి కప్పు మీదా?"

ఆపైన వాన పట్టుకుంది. ఇల్లున్న మేర గండి వదిలేసి అటూ ఇటూ కట్ట లేచి ఉంది. ఇదివరకు ఏరు పొంగితే ఒడ్డంతా పరుచుకునేది. ఇప్పుడు దానికి ఒకటే దారి, చిన్నోంగ్ ఇంటి కింది దారి. మధ్యాహ్నానికి నీళ్లు అంచు స్తంభాలను ఒరుసుకుంటూ కింది వాడ మీదికి ఉరికాయి. అరుగు మీంచి చూస్తే మాసె ఇంటి నిచ్చెన కనబడలేదు.

మగవాళ్లంతా ఇసక బస్తాలతో కట్ట చివర నిలబడిపోయారు.

"చూస్తారేంట్రా? రండి!" అని అరిచింది చిన్నోంగ్.

"కోర్టు గీత గీసిందత్తా. దాటితే నన్ను జైల్లో వేస్తారు," అన్నాడు బెద్దు. "పైగా నువ్వొచ్చి పిలవలేదు."

చిన్నోంగ్ నిచ్చెన దిగింది. ఇంటి కింది దిబ్బ దాటగానే మోకాళ్ల పైదాకా నీళ్లు. గడప గడపకూ వెళ్దామంటే ఇళ్లలో ఎవరున్నారు? ఆ నీళ్లలోనే ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి, పేరు పెట్టి, భుజం మీద చెయ్యి వేసి పిలిచింది. తను శపించిన వాళ్లందరినీ పిలిచింది.

"నా ఇంటికి రా నాయనా. నీకు దణ్ణం పెడతాను, రా."

"ఇప్పుడు మోయలేమత్తా. కాళ్లు దిగబడిపోతున్నాయి."

"మోయమని ఎవరన్నారు? విప్పండి! స్తంభాలు గండిలో దిగ్గొట్టండి!"

గోడ పలకలు ఊడాయి, నేల మీది వెదురు ఊడింది. నడిమి స్తంభం దగ్గర బెద్దు చేతులు ఆగిపోయాయి. చిన్నోంగ్ దాన్ని వాటేసుకుని, వాన హోరులో కూడా వినబడేంత గట్టిగా ఏడ్చింది. తర్వాత వదిలేసి, "లాగండ్రా, చేతులు చచ్చాయా?" అంది.

స్తంభాలు దిగాయి. బస్తాలకు ఇసక చాలలేదు. దగ్గర్లో నీళ్లకు పైన మిగిలింది నడిమి స్తంభం పాతిన దిబ్బ ఒక్కటే. అదే తవ్వారు. చిన్నోంగ్ బస్తాల మూతులు తెరిచి పట్టుకుంది. పార నుంచి జారి పడుతున్న మట్టి వైపు మాత్రం చూడలేదు. గండి పూర్తిగా పూడలేదు గానీ వరద జోరు తగ్గింది. మాసె ఇల్లు ఒక పక్కకు ఒరిగినా, పసివాడితో సహా అందరూ గుట్ట ఎక్కగలిగారు.

కోర్టు వాయిదాకు చిన్నోంగ్ మాసె సరోంగు కట్టుకుని వెళ్లింది. తనదంటూ ఒక్క గుడ్డ మిగల్లేదు. ఖాళీ స్థలాన్ని స్వాధీనం చేసుకున్నామని, ఇక గొడవే లేదని సర్కారు లాయరు చదివాడు.

"ఇల్లూ లేదు, ఆ నేలా లేదు. ఇంకేం కావాలమ్మా?" అని అడిగాడు న్యాయమూర్తి. పాపం, మెత్తగానే అడిగాడు.

"నాకింకేం కావాలో నాకే తెలీదయ్యా. రాత్రయితే ఎటు తిరిగి పడుకోవాలో తెలీడం లేదు." చిన్నోంగ్ సర్కారు లాయరు వైపు చెయ్యి చూపింది. "కానీ అది ఖాళీ స్థలం కాదు. వీళ్లు తీసుకోనూ లేదు. నేనే ఊళ్లోవాళ్లను పిలిచి ఇచ్చాను. వీళ్లు నన్ను ఒక్క మాట అడగలేదు. అలా రాయండి."

న్యాయమూర్తి కలం తీశాడు గానీ వెంటనే ఏమీ రాయలేదు. నూర్లేనా చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయింది. చిన్నోంగ్ ఆ చెయ్యి విడిపించుకుని, బల్ల అంచు పట్టుకుని, ఆయన రాసేదాకా అక్కడే నిలబడింది.