నలభై ఏడోది

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని గుండె మీద పెట్టుకుని బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. బహుశా అందుకే మీకిది రాయగలుగుతున్నాను.

మాది ఉద్దానం తీరంలో చేపలు పట్టే ఇల్లు. పలాసలో డిగ్రీ చదివే రోజుల్లో ఉల్లివేరు కొసను గాజుపలక మీద నలిపి, మైక్రోస్కోపులో క్రోమోజోములు లెక్కపెట్టేవాళ్ళం. ఉల్లికి పదహారు, మనిషికి నలభై ఆరు, బంగాళదుంపకి నలభై ఎనిమిది. దుంపకంటే మనకి తక్కువా అని పడీపడీ నవ్వాం.

ఆ ఏడాది సెలవులకి ఇంటికొచ్చినప్పుడే సూర్యగ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం వేళ కత్తిపీట ముట్టకూడదని మా ఊళ్ళో పట్టింపు. వదినకి అప్పుడు ఏడో నెల. పడవలో కానాగంత చేపలు వచ్చాయి. నాకేమో పులుసు తినాలనిపించింది. గ్రహణం లేదు, గాడిదగుడ్డూ లేదు, కొయ్యి వదినా అన్నాను. చదువుకున్నదాన్ని కదా, నా మాట నమ్మి కోసింది.

పాప పుట్టింది. ఎన్నాళ్ళకీ మెడ నిలవలేదు. విశాఖలో డాక్టరు రక్తపరీక్ష చేయించి, నన్ను లోపలికి పిలిచాడు. క్రోమోజోము ఒకటి ఎక్కువుంది, నలభై ఏడున్నాయి, పిండం ఏర్పడేనాటికే జరిగిపోయిన పొరపాటు, ఎవరి తప్పూ కాదు, తల్లికి అర్థమయ్యేలా చెప్పమ్మా అన్నాడు.

బయట బెంచీ మీద వదిన నా చెయ్యి పట్టుకుంది.

"డాట్రు ఏటన్నాడమ్మీ? ఆ దినం సేప కోసీసినాననేనా నా బిడ్డ ఇలాగయిపోనాది?"

అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. పుట్టుకలోనే తేడా ఉందంటే, అది ఎవరి వైపు నుంచి వచ్చిందని అడగరూ? మా ఇంటి రక్తం మీదికి రాదూ? అంత లెక్క అంత తొందరగా ఎలా వేశానో ఇప్పటికీ తెలీదు.

"గ్రహణమే అయ్యుంటాది వదినా."

అమ్మ వదినని తిట్టిపోసింది. అన్నయ్య మాటలు మానేశాడు. కొయ్యమన్నది నేనేనని వదిన ఎవరికీ చెప్పలేదు, అన్నీ తలొంచుకుని పడింది. నాకు పెళ్ళయింది. టెక్కలిలో లెక్చరర్నయ్యాను. ఏటా అదే పాఠం చెప్పాను, నలభై ఏడు దగ్గరికొచ్చేసరికి బోర్డు వైపు తిరిగిపోయేదాన్ని.

పాపకి గుండెలో రంధ్రం. బడికెళ్ళే వయసులోనే పోయింది. వదిన ఆ చిన్న పాదాలు పట్టుకుని, "నా సేతులిరిగిపోనూ, నన్ను సమించు తల్లీ" అని ఏడుస్తుంటే నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా? విప్పలేదు.

వదిన ఇప్పటికీ చేప కోయదు. ఎవరైనా కోసిస్తే వండుతుంది.

తప్పు ఆమె చేతులది కాదు. ఈ మాట మొదటిసారి బయటపెట్టాను, గుండె కాస్త తేలికైంది. నాకే తేలికైంది. వదినకి చదవడం రాదు.