ఇచ్చినవాళ్ళకి నచ్చిన చెయ్యి

మా సారు పోయారు. సబ్బవరంలో ఒక మేడ వరండాలో, చందా కోసం కూర్చుని కూర్చుని, ఆ కుర్చీలోనే పోయారు. ఇంటాయన ఈయనకి మొహం చూపించలేక వెనక గుమ్మంలోంచి ఎప్పుడో బయటపడ్డాడట. వరండా తుడవడానికి వచ్చిన పనిమనిషి "బాబూ, ఓపాలి కాళ్ళు పైకెట్టండి" అందట. రెండోసారి కూడా అందట. మూడోసారి భుజం తట్టి చూసి, లోపలికి కేకేసిందట.

మర్నాడు ఆ ఇంటాయన మనిషి చేత మా ఆఫీసుకి చెక్కు పంపించాడు. చిన్నది కాదు. సారు జీవితంలో దానంతటదే ఆఫీసుకి నడిచొచ్చిన చందా అదొక్కటే. రశీదు రాసిచ్చింది నేనే. కలం కాగితంలోకి దిగబడేలా రాశాను, ఏడుపుతో కాదు, కోపంతో.

తెలియనివాళ్ళకి చెప్పాలి కదా. మాది అనకాపల్లిలో ఒక చిన్న సంస్థ. బెల్లం గానుగల్లో చేతులు పోయినవాళ్ళకి కృత్రిమ చేతులు పెట్టిస్తాం. చెరుకు గెడలు క్రషర్లోకి తోసేటప్పుడు ఒక్కోసారి గెడతోపాటు చెయ్యి కూడా వెళ్ళిపోతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా కుడి చెయ్యి కొంగు కిందో తువ్వాలు కిందో దాచుకుని నడుస్తుంటే, ఎలా పోయిందని ఎవరూ అడగరు. సారు చక్కెర మిల్లులో పనిచేసి రిటైరై, ఈ సంస్థకి చందాలు తెచ్చే పనిలో చేరారు. నేను ఆయన వెనక సంచీ మోస్తూ చేరి, ఇవాళ ఆయన చేసిన పనే చేస్తున్నాను.

చచ్చినవాడి కళ్ళు చేరెడు అంటారు. ఇప్పుడు ఊళ్ళో అందరూ ఆయన్ని దేవుడంటున్నారు. దేవుడు ఏమీ కాదు. దేవుడికి హుండీ ఉంటుంది, జనమే క్యూ కట్టి వేస్తారు. మా సారు గుమ్మం గుమ్మం ఎక్కి దిగాలి. ఆయన దిగాక "శని వదిలింది" అని తలుపు వేసుకున్నవాళ్ళే ఇవాళ ఆయన ఫోటోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నారు.

ఆయనకి కొన్ని పట్టింపులుండేవి. ఇస్త్రీ చొక్కా లేకుండా చందాకి బయలుదేరేవారు కాదు. "మాసిన చొక్కాతో ఎల్తే మనకే ధర్మం సేస్తారమ్మా, చేతుల కోసం ఇవ్వరు" అనేవారు. చందా చేతిలో పడేదాకా ఎవరింటా కాఫీ తాగేవారు కాదు. తాగితే అక్కడితో మర్యాద చెల్లిపోయిందనుకుంటారని ఆయన భయం. బెల్లం మార్కెట్‌కి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళేవారు కాదు. ఆకాశం నల్లగా మూసుకొచ్చి, వర్షం పడకుండా విడిచిపోయిన సాయంత్రం చూసుకుని వెళ్ళేవారు. చెమ్మ తగిలితే బెల్లం నీరుగారిపోతుంది కదా, వర్తకుల ప్రాణాలు పొద్దుట్నుంచీ అరచేతిలో ఉంటాయి. మబ్బు విడిచిందంటే గుండెలు కుదుటపడతాయి. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు కూడా ఆ గంటలో జేబులో చెయ్యి పెడతాడు. నేను నవ్వితే, "నవ్వకమ్మా. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టనోళ్ళ దగ్గిరే మన ఉద్యోగం" అనేవారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు బాగాలేనిది చెప్పాలి.

మేము ఇచ్చే చేతులు రెండు రకాలు. ఒకటి రబ్బరు చెయ్యి. చూడ్డానికి అచ్చం చెయ్యిలాగే ఉంటుంది, గోళ్ళు కూడా ఉంటాయి. దేన్నీ పట్టుకోదు. రెండోది కొక్కెం చెయ్యి. చూడ్డానికి భయంగా ఉంటుంది. వీపు మీదుగా ఒక బెల్టు, దాన్నుంచి కొక్కెందాకా ఒక తీగ ఉంటాయి. భుజం విరిస్తే కొక్కెం తెరుచుకుంటుంది, వదిలితే పట్టుకుంటుంది. దాంతో గడ్డి పట్టొచ్చు, బిందె ఎత్తొచ్చు, వరి దుబ్బు పట్టుకుని రెండో చేత్తో కొడవలి వెయ్యొచ్చు. కానీ చందాదారులకి కొక్కెం గిట్టదు. ఫోటో బాగుండదు. అంచేత మేము ఇచ్చినవాటిలో ఎక్కువ రబ్బరువే. అవి తీసుకున్నవాళ్ళు చేతులు పంచే సభనాడు పెట్టుకుని దండం పెడతారు, ఇంటికెళ్ళి మేకుకి తగిలిస్తారు.

ఇదేం న్యాయమని నేనొకరోజు సారుని నిలదీశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ చెయ్యి పుచ్చుకున్నోడి కోసం కాదమ్మా, ఇచ్చినోడి కోసం. పది బొమ్మ చేతులు ఇస్తే వచ్చే పేరుతో ఒక పనిచేసే చెయ్యి పుట్టించొచ్చు" అన్నారు. అంత మాట అంత తేలిగ్గా అనేశారని నాకు ఒళ్ళు మండింది. ఆ మాట నిజమని తెలిసి ఇంకా మండింది.

పైడితల్లి మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. కూలి మనిషి. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. గానుగ దగ్గర కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. మార్కెట్లో ఒక బెల్లం షావుకారు ఆమెకి రబ్బరు చెయ్యి ఇప్పించాడు. పుచ్చుకున్న వారానికే మళ్ళీ వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది ముద్ద కలపదు, కొడవలి పట్టదు. పెట్టుకుంటే సెమట, తీత్తే కంపు. నాకు కొక్కేనిది ఇప్పించండి బాబూ. కూలికెల్లకపోతే నా పిల్లలు ఏటి తింటారు?"

సారు ఆమెని, నన్ను వెంటబెట్టుకుని షావుకారింటికి బయలుదేరారు. ఆటోలో ఆమెతో, "ఆళ్ళ ఆవిడ టీ తెత్తాది. షావుకారికి నువ్వే అందించు. ఆ రబ్బరు చేత్తోనే" అన్నారు.

"జారిపోద్ది బాబూ."

"జారనీ."

టీ వచ్చింది. "మీరిచ్చిన చేత్తోనే అందిస్తుంది, చూడండి" అన్నారు సారు. షావుకారు ముచ్చటపడి సోఫాలో ముందుకి జరిగాడు. పైడితల్లి ఎడమ చేత్తో గ్లాసు తీసి రబ్బరు వేళ్ళ మధ్య ఇరికించి చాచింది. గ్లాసు జారి పొగలు కక్కే టీ ఆమె పాదం మీద పడింది. పళ్ళు బిగించి అలాగే నిలబడింది.

షావుకారు కింద తివాచీ వైపు చూశాడు. "సూసుకోవాలి కదమ్మా" అన్నాడు.

సారు అందుకున్నారు. "ఈ చెయ్యి ఏదీ పట్టుకోదండి. కొక్కెందైతే పట్టుకుంటుంది. అది ఇప్పిస్తే ఆమె పని చేసుకు బతుకుతుంది."

"కొక్కేలేటి సారూ, మాంసం కొట్లోలాగ? ఆడమనిషికి అలాటిది తగిలిస్తే సూసినోళ్ళు నన్నేటనుకుంటారు? దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కెడతారా ఎక్కడైనా?"

ఆ ఏడాది షావుకారు చందా మాకు రాలేదు. గోశాలకి వెళ్ళింది. ఆ కబురు తెలిసినప్పుడు పైడితల్లి మా ఆఫీసులోనే ఉంది, కాలికి మందు రాయించుకోడానికి వచ్చి. సారు చిన్నగా నవ్వి, "ఆవు టీ ఒలకబోయదు కదమ్మా" అన్నారు.

పైడితల్లి నవ్వలేదు. బొబ్బలు చిట్లిన పాదం వైపు చూసుకుని, "నా సెయ్యి గానుగ తినేసింది బాబూ. కాలు నువ్వు తిన్నావు" అంది.

సారు మొహం అలా వెలవెలబోవడం నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు.

మర్నాటి నుంచీ ఆయన ఆఫీసుకి రావడం మానేశారు. ఆరా తీస్తే పైడితల్లి చెయ్యి పోయిన గానుగ దగ్గర కూర్చుంటున్నారని తెలిసింది. ఇస్త్రీ చొక్కాతో, పాకం పెనాల పక్కన కుర్చీ వేసుకుని, పొద్దున్నే వెళ్ళి పొద్దు గుంకేదాకా. ఆ గానుగ యజమాని ఆమెకి పైసా నష్టపరిహారం ఇవ్వలేదు. సారు అదీ అడగలేదు. ఎందుకొచ్చారంటే, "ఊరికే. పాకం వాసన బాగుందని" అనేవారట. ఆయన క్రషర్ వైపు చూస్తూ కూర్చుంటే గెడలు తోసేవాళ్ళు చేతులు వెనక్కి లాక్కునేవారట. ఒక్కో గెడా భయంభయంగా తోస్తుంటే పని సగానికి పడిపోయింది. ఓ రోజు నేను వెళ్ళేసరికి యజమాని కేకలేస్తూ నోట్లు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర చెరుకు పిప్పిలోకి విసిరాడు. "తీసుకుని తగలడు" అన్నాడు. సారు వంగి, ఒక్కొక్క నోటూ పిప్పిలోంచి ఏరుకుని, దులిపి, జేబులో పెట్టుకుని, "రశీదు పంపిస్తానండి" అన్నారు. తిరిగొస్తూ దారిలో నాతో, "అడిగితే ఇత్తారనుకోకు. కూర్చుంటే ఇత్తారు" అన్నారు.

పైడితల్లికి కొక్కెం అలా వచ్చింది. దాంతోనే కోతలకి వెళ్ళింది, దాంతోనే పిల్లల్ని పెంచుతోంది. సారుకి మాత్రం ఎన్నడూ దండం పెట్టలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. నేనూ ఆయన్ని క్షమించలేదు. కానీ ఆ పిప్పిలో వంగిన ఆయన వీపు నా కళ్ళముందు నుంచి పోదు. నాకు ఈ పని నేర్పింది ఆ వీపే. ఆయన మీద కోపమూ ఉంది, భక్తీ ఉంది, ఏది ఎక్కువో ఆయన పోయాక కూడా తేలలేదు.

ఈమధ్య పైడితల్లి కొక్కెం పాడైంది. బెల్టు చిరిగింది, తీగ పోగులు పోగులుగా తెగింది. ఆమె దాన్ని ఇనపతీగతో ముడేసి ఎలాగో నడిపిస్తోంది. అది పూర్తిగా తెగితే ఎవరూ కోతకి పిలవరు. సారు పోయిన రోజు సబ్బవరం వెళ్ళింది ఆ బెల్టు కోసం, ఆ తీగ కోసమే.

సంతాప సభ పెట్టాలని మా సంస్థ అధ్యక్షులు ఫోన్ చేశారు. అధ్యక్షులంటే ఎవరో కాదు, ఆ షావుకారే. గోశాలవాళ్ళతో ఏదో మాటా మాటా వచ్చి, మళ్ళీ మా వైపు తిరిగి, అధ్యక్షుడైపోయాడు.

"పైడితల్లిని తీసుకురండమ్మా. మంచి చెయ్యి పెట్టుకుని రమ్మనండి. సారు ఫోటోకి ఆమె సేత దండేయిద్దాం. ఆమెకి కావల్సింది స్టేజీ మీదే ఇచ్చేద్దాం. ఆ సబ్బవరం చెక్కు ఉంది కదా."

"ఆమెకి కావల్సింది బెల్టు, తీగ అండి" అన్నాను.

"తెలుసమ్మా, తెలుసు."

నాకు మనస్కరించలేదు. పైడితల్లి ఊరికి వెళ్ళి, షావుకారు అన్నమాట అన్నట్టు చెప్పి, "రావద్దు. తీగ సంగతి ఇంకోలా చూద్దాం" అన్నాను. ఆమె కొక్కెంతో గడ్డిమోపు పట్టుకుని కడుతోంది. కట్టడం ఆపలేదు.

"సారుబాబు ఎవుళికోసం ఎల్లి పోయేడు? నాకోసమే కదా. దండెయ్యకపోతే ఎలా?" అంది. మోపు ముడి బిగిస్తూ, "కోపం నీకుంటాది మేడమ్మా. నాకు కోతలున్నాయి. తీగ ఇత్తామంటే ఏ సెయ్యి పెట్టుకోమన్నా పెట్టుకుంటాను" అంది.

సభనాడు హాలు నిండింది. స్టేజీ మీద బల్ల, బల్ల మీద సారు ఫోటో, పక్కన చందాలకి స్కానర్ అంటించిన బోర్డు. పైడితల్లి తన పాత రబ్బరు చెయ్యి సంచీలో పెట్టుకుని, కొక్కెంతోనే వచ్చింది. పిలవగానే మెట్లెక్కి, దండ కొక్కేనికి తగిలించి, భుజం విరిచింది. దండ ఫోటో మీద పడి చక్కగా అమరింది. ఆమె కాసేపు సారు మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి, ఏమందో వినబడలేదు.

హాల్లో ఎవరూ కదల్లేదు. షావుకారు మైకు పక్కకి పెట్టి, "అమ్మా, ఇంకోసారి. ఆ మంచి చెయ్యి పెట్టుకుని" అన్నాడు.

బెల్టు ఆమె రవిక మీదుగా వీపు చుట్టూ ఉంటుంది. విప్పాలంటే ఎడమ చెయ్యి, పళ్ళు, రెండూ కావాలి. అందరి ఎదుటా ఆమె విప్పుకోవడం మొదలుపెట్టింది. నేను పరిగెత్తుకెళ్ళి కొంగు తెరలా పట్టుకున్నాను. కొక్కెం విప్పి బల్ల మీద పెట్టింది. అది ఫోటోలో పడకూడదని షావుకారు భార్య దాని మీద రుమాలు కప్పింది. రబ్బరు చెయ్యి తొడుక్కుని పైడితల్లి మళ్ళీ దండ వేసింది. వేసింది ఎడమ చెయ్యే, రబ్బరుది ఊరికే ఆనించింది. ఫోటోలు తీసుకున్నారు. నన్ను పక్కకి తప్పుకోమన్నారు.

అప్పుడు షావుకారు మైకు అందుకున్నాడు. "మన సారు జ్ఞాపకార్థం, పైడితల్లికి ఒక కానుక" అని, రంగు కాగితం చుట్టిన పొడుగాటి డబ్బా ఒకటి విప్పాడు. లోపల కొత్త చెయ్యి ఉంది. రబ్బరుదే. పాతదానికంటే తెల్లగా ఉంది, గోళ్ళకి ఎర్రరంగు కూడా వేయించారు.

చప్పట్లు మోగాయి. పైడితల్లి నా వైపు చూసింది, నేను షావుకారు వైపు చూశాను, ఆయన కెమెరా వైపు చూస్తున్నాడు. డబ్బా ఆమె చేతుల్లో పెట్టారు. రబ్బరు చేతి మీద ఆగక జారబోయింది, ఆమె ఎడమ చేత్తో దాన్ని గుండెకి అదుముకుంది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆమె బల్ల మీది రుమాలు వైపే చూస్తూ నిలబడింది. కొక్కెం తీసుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.