తెల్లదారం సీసా

ఇన్నాళ్లూ ఇది రాయలేకపోవడానికి కారణాలు రెండు. మొదటిది మా వీధిలో అందరికీ తెలిసిందే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై దాటాక వయోజనుల బడికి వెళ్లి, నా కూతురి వయసున్న ఒక అమ్మాయి దగ్గర పలక పట్టుకుని దిద్దుకున్నాను. రెండోది ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు వచ్చాక కూడా ఏడాదిపైగా నేను కలం పట్టలేదు, ఎందుకంటే అప్పలనరసమ్మత్త ఇంకా బతికే ఉంది. ఆవిడ బతికి ఉండగా ఆవిడ సంగతి కాగితం మీద పెట్టడం నా వల్ల కాలేదు. పోయిన చలికాలంలో ఆవిడ పోయింది.

ఈవేళ మా కోడలు గచ్చు తుడిచే నీళ్లలో నాలుగు చుక్కలు నిమ్మగడ్డి నూనె వేసింది. తడి గచ్చు మీంచి ఆ వాసన లేచేసరికి, నా వెనకాల ఎవరో వచ్చి పీట మీద కూర్చున్నట్టయింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. కానీ ఆ ఖాళీ పీట వంక చాలాసేపు చూస్తూనే ఉండిపోయాను.

అప్పలనరసమ్మత్త నాకు చుట్టం కాదు. నర్సీపట్నంలో చింతపల్లి బస్సులు మలుపు తిరిగే చోటుకి కాస్త లోపలగా ఆవిడ నూనెల కొట్టు ఉండేది. నేను జీడిపిక్కల పనికి వెళ్లే రోజుల్లో తొక్క రసం పడి వేళ్లు కాలితే మందు నూనె కోసం మొదటిసారి ఆ గుమ్మం ఎక్కాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, "దీనికి నూనె ఏటే? సల్లనీళ్లు పోసుకుని ఆస్పత్రికి ఎల్లు. తగ్గినాక రా, సీసాలు కడగడానికి మనిషి కావాలి" అంది. నూనెలు అమ్ముకుని బతికే మనిషి నూనె ఇవ్వనంది. అక్కడే ఆవిడ మీద నాకు గురి కుదిరింది. పన్నెండేళ్లు ఆవిడ దగ్గర పనిచేశాను.

అదొక సన్నటి గది. కిటికీ లేదు. గోడలకి చెక్క అరలు, అరల నిండా ఒకే రకం చిన్న గాజు సీసాలు. ఏ సీసా మీదా కాగితం లేదు, ఎందుకంటే ఆవిడకీ చదువు రాదు. సీసా మెడకి రంగుదారం కట్టేది. పచ్చదారం నిమ్మగడ్డి నూనె, ఈగలు రాకుండా గచ్చు తుడుచుకోవడానికి. ఎర్రదారం నీలగిరి తైలం, జలుబు చేస్తే ఆవిరి పట్టే నీళ్లలో రెండు చుక్కలు. నల్లదారం లవంగ నూనె, పంటిపోటుకి దూది మీద. పసుపుదారం వట్టివేరు, బట్టల పెట్టెలోకి. తెల్లదారం మాత్రం ఉత్త కొబ్బరినూనె, కొబ్బరిపాలు తీసి ఇంట్లో కాచింది, చంటిపిల్లల ఒంటికి. "సంటిగుంటలకి ఈ ఘాటువేవీ తగలకూడదే, ఊపిరి పట్టేస్తాది" అనేది. పెద్దవాళ్లనైనా ఘాటు నూనె ఉత్తది ఒంటికి రాసుకోనిచ్చేది కాదు. కొబ్బరినూనెలో కలుపుకోమనేది. మింగడమన్న మాట వస్తే సీసా వెనక్కి లాక్కునేది. "సుక్కైతే మందు, సెంచాడైతే ఇసం" అని ప్రతి మనిషికీ చెప్పేది, వందోసారి వచ్చినవాళ్లకి కూడా.

సీసా ఏదైనా చెయ్యి మారే ముందు ఆవిడ మూత తీసి వాసన చూడాలి. అది కొట్టు కట్టుబాటు. ఆవిడ చూశాక నేను చూడకూడదు. ఒకసారి చూడబోతే వేళ్ల మీద కొట్టింది. "పెద్దముక్కు సూసినాక సిన్నముక్కు పెడతావేటే? నా మీద అనుమానవా?" అంది. నవ్వుతూనే అంది కానీ, నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆ ముక్కు మామూలుది కాదు. గుమ్మంలో నీడ పడకముందే, వచ్చేది ఎవరో చెప్పేది. కొత్తకోడలిని చూసి "నీకు నెల తప్పింది" అనేది, ఆ పిల్లకే ఇంకా తెలియదు. మాకవరపాలెం వైపు నుంచి ఒక రైతు మోకాళ్ల నొప్పులకి నూనె కోసం వస్తే, దగ్గరికి వంగి అతని ఊపిరి పీల్చి, "నీ నోట మాగిపోయిన అరటిపండు వాసనొస్తంది బాబూ. నూనె తరవాత. ముందు బేగి ఆస్పత్రికి ఎల్లు" అంది. సుగర్ విపరీతంగా పెరిగిపోయిందని, ఇంకో రోజు ఆగితే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట. అతను తిరిగొచ్చి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు. అప్పటి నుంచి ఆ గదిలోకి వచ్చేవాళ్లు కాస్త దూరంగా నిలబడేవాళ్లు, తమ ఒంటి మీంచి ఏం తెలిసిపోతుందోనని.

కరోనా వచ్చినప్పుడు ఆవిడకి కూడా జ్వరం తగిలింది. ఇరవై రోజులు మంచం దిగలేదు. లేచాక మళ్లీ కొట్టు తెరిచింది. మూత తీయడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, తలూపడం అన్నీ మునుపటిలాగే. ఒక్కటే తేడా. వచ్చేది ఎవరో ముందుగా చెప్పడం మానేసింది. వయసైపోయిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి, కరెంటు పోయి, గది బావిలా ఉంది. నేను సీసాలు తుడుస్తున్నాను. ఆవిడ ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"బట్టీ మాడతంది. నీళ్లు పొయ్యే!"

"ఏ బట్టీ అత్తా? ఇక్కడ పొయ్యి కూడా లేదు."

"గడ్డి మాడతంది. నీకు రావట్లేదేటి?"

నాకు ఏ వాసనా రావడం లేదు. ఆవిడ గోడ మూల వంక చూస్తూ, ఎవరికో చోటిస్తున్నట్టు పక్కకి జరిగింది. తరవాత చెప్పింది. పెళ్లైన కొత్తలో కృష్ణదేవిపేట అవతల కొండవార వాళ్లు నిమ్మగడ్డి బట్టీ నడిపేవాళ్లు. రాగి డేగిసాలో గడ్డి కూరి, అడుగున నీళ్లు మరిగించి, ఆ ఆవిరిలోంచి నూనె పట్టేవాళ్లు. ఒకరోజు ఆవిడ వాగు దగ్గర ఉండగా మాడిన గడ్డి వాసన వచ్చింది. నీళ్లు ఇగిరిపోయేదాకా ఆవిడ భర్త ఊరుకునే మనిషి కాదు. పరిగెత్తుకొచ్చేసరికి ఆయన మంట ముందు గొంతుక్కూర్చునే ఉన్నాడు, చేతిలో కట్టెతో సహా. ప్రాణం మాత్రం లేదు. "అదే వాసనే" అంది. "ఆయనే వొస్తన్నాడు."

ఆ తరవాత ఆ వాసన ఆవిడకి తరచు వచ్చేది. ఒకసారి ఒక ముసలమ్మ ఎదుట నిలబడి ఉండగా వచ్చింది. అత్త ముఖం పాలిపోవడం వీధి చూసింది. పదిరోజుల్లో ఆ ముసలమ్మ పోయింది. ముసలమ్మకి ఎనభై దాటాయన్న సంగతి ఎవరూ గుర్తు చేసుకోలేదు. జనం నూనెలకి కాకుండా తమ ముఖాలు చూపించుకోవడానికి రావడం మొదలుపెట్టారు. "నరసమ్మ గారూ, నా మీద ఏటైనా వొచ్చిందేటండీ?" అని ఊపిరి బిగపట్టి నిలబడేవాళ్లు. "పోండి, పోయి పని సూసుకోండి" అని ఆవిడ కసిరేది. నాకు మాత్రం ఆ గదిలో వెన్ను గోడకి ఆనించకుండా కూర్చోవాలంటే భయంగా ఉండేది.

అత్తకి జ్వరం తగిలిన రెండేళ్లకి, ఒక చలికాలంలో నా కూతురు చంటిపిల్లని తీసుకుని వచ్చింది. నాలుగు నెలల పిల్ల. తల్లీపిల్లా ఇద్దరికీ జలుబు. నేను పిల్లని ఎత్తుకుని కొట్టుకి వెళ్లాను. అత్త అరలోంచి తెల్లదారం సీసా తీసి, మూత తెరిచి చూసి, తలూపి, నా చేతిలో పెట్టబోయి ఆగిపోయింది. పిల్ల వంక చూసింది. గోడ మూల వంక చూసింది.

"తీసుకుపో ఈ పిల్లని. బేగి తీసుకుపో."

"ఏటత్తా? ఏటొచ్చింది?"

"ఏటీ రాలేదు. పొమ్మంటన్నాను కాదేటి!"

సీసా నా చేతిలో ఎప్పుడు పడిందో, ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆ సాయంత్రమంతా పిల్ల ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.

తెల్లారాక ఎండ పొడ వచ్చే వేళకి, నా కూతురు కాళ్లు చాపుకుని పిల్లని పడుకోబెట్టుకుంది. అంతకుముందే తను నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టుకుంది. గదంతా ఆ వాసనే. "అమ్మా, ఆ సీసా ఇలాగియ్యి, పిల్ల రొమ్ముకి రాస్తాను" అంది. అందించబోతూ చూశాను. మా గూట్లో ఉన్న కొబ్బరినూనె రాత్రి చలికి నెయ్యిలా గడ్డకట్టి ఉంది. అత్త ఇచ్చిన సీసా వంచితే లోపల నీళ్లలా కదులుతోంది.

"ఆగవే."

"ఏటయ్యింది?"

ఆ గదిలో నా ముక్కు ఎందుకూ పనికిరాదు. అత్త నేర్పిన పని చేశాను. పాత కాగితం మీద ఒక చుక్క వేసి ఎండలో పెట్టాను. కొబ్బరినూనె అయితే జిడ్డు మరక ఉండిపోవాలి. కాసేపట్లో చుక్క ఎగిరిపోయింది. కాగితం శుభ్రంగా ఉంది. పెరట్లోకి తీసుకెళ్లి మూత తెరిస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది ఉత్త నీలగిరి తైలం.

ఆ సీసా పట్టుకుని వెళ్లి, మూత తీసి, ఆవిడ ముందు పెట్టాను. "ఇది ఏటో సెప్పత్తా" అన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తరవాత వేలితో సీసా మెడ తడిమి దారం చూసింది.

"కొబ్బరినూనె" అంది.

ఆ ఒక్కమాటకి నాకు ఏడుపొచ్చింది. "నీకు వాసన రావట్లేదు. ఎప్పటి నుంచి?"

ఆవిడ సీసాకి మూత పెట్టింది. "జొరం వొచ్చినకాడ నుంచి. ఏదీ రాదే. కాఫీ రాదు, పువ్వు రాదు. ఆ మాడిన గడ్డొకటే వొస్తాది."

"మరి దసరాకి పాతదారాలన్నీ తీసి కొత్తవి కట్టేవు కదా. ఒక్కదానివీ తలుపేసుకుని."

"నువ్వుంటే నీకు తెలిసిపోయేది కదా."

"మరి నిన్న నా మనవరాలి మీద...?"

"నిజంగా వొచ్చిందే. ఒట్టు. అది పిల్ల మీంచి వొచ్చిందో, నా సేతిలో ఉన్న సీసా మీంచి వొచ్చిందో, అదే నాకు తెలీదు."

ఇద్దరం ఆ గోడ మూల వంక చూడకుండా కూర్చున్నాం. తరవాత నేను అరలన్నీ దించి, ఒక్కొక్క సీసా గుమ్మం బయటికి తెచ్చి వాసన చూశాను. చిన్నముక్కే. ఎనిమిది తెల్లదారం సీసాల్లో మూడు తప్పు. దసరా తరవాత మేము తెల్లదారం సీసాలు ఇచ్చిన ఇళ్లు ఇద్దరం కలిసి గుర్తు చేసుకుంటే తొమ్మిది తేలాయి. అన్నీ చంటిపిల్లల ఇళ్లే.

అప్పుడు ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ చేతులు అంత చల్లగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. "ఎలకలు దారాలు కొరికేసేయని సెప్పి సీసాలు తెచ్చెయ్యే. ముక్కు సంగతి సెప్పకే. ఈ ముక్కు లేపోతే నానెవరినే?" అంది. నేను ఆ తొమ్మిది ఇళ్లనీ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

ఆ తరవాత కొట్టు మూతపడింది. నేను వారానికి రెండుసార్లు వెళ్లి ఆవిడకి జడ వేసేదాన్ని. ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. చుక్క ఎంతో, చెంచా ఎంతో నేర్పిన మనిషి ఆవిడే. తెలియనిది తెలియదని చెప్పడం మాత్రం ఆవిడ నేర్పలేదు. అది ఆవిడకి జరిగింది చూసి నేర్చుకున్నాను. ఈ రోజుకీ ఎవరైనా నన్ను ఏ నూనె మంచిదని అడిగితే, నాకు తెలియదనే మాట ముందు నోట్లో తిప్పి చూసుకుని, ఆ తరవాతే జవాబు చెబుతాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకున్న మర్నాడు పొద్దున్నే, ఎండ ముదిరి నూనెలన్నీ ఒక్కలాగే కరిగిపోకముందే, సంచీ పట్టుకుని బయల్దేరాను. మొదటి ఇంటావిడ పిల్లాడిని ఎత్తుకునే తలుపు తీసింది. ఎలుకల మాట నా నాలుక చివరదాకా వచ్చింది. దారం తప్పు కట్టారంటే సీసా ఇచ్చేసి ఊరుకుంటారు. ముక్కు పోయిందంటేనే, ఆవిడ ఇచ్చిన తక్కిన సీసాలు కూడా ముట్టుకోరు.

"నరసమ్మత్తకి వాసన తెలీడం లేదమ్మా, రెండేళ్లైంది" అన్నాను. "తెల్లదారం సీసా ఓసారి సూపించు. మిగతావి కూడా వాడకండి."

"ఆవిడికా? ఏటి పిన్నీ, పరాసికవా?" అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి లోపలికి వెళ్లి సీసా తెచ్చింది. తెల్లగా గడ్డకట్టి ఉంది. రెండో ఇంట్లోనూ గడ్డకట్టే ఉంది. అప్పటికి నా వెనక వీధిలో మాట పాకిపోయింది. ఆవిడ పరువు ఊరికే తీసేశానా అనుకుంటూనే నడిచాను. మూడో ఇంటి అరుగు మీద బాలింత పిల్లాడి చొక్కా పైకెత్తి, తెల్లదారం సీసా మూత తిప్పుతోంది. చేతిలోంచి లాక్కుని వంచాను. నీళ్లలా కదిలింది. దాన్ని సంచీలో వేసుకుని, నాలుగో తలుపు కొట్టాను.